ఖాట్మండులో సంగటి ముద్ద

సుగుణా,

ఖాట్మండులో వృద్ధాశ్రమానికి వంటసేవకని వచ్చి ఇంకా వారం కాలేదు. నిన్న సందుల్లో దారి తప్పి తిరుగుతుంటే రాగిపిండి కనిపించింది. ఇంకేం, నా కోతిబుద్ధి లేచింది. నువ్వు పోయాక అది లేవడం ఇదే మొదలు.

రాగిసంగటి మింగాలేగాని నమలకూడదు కదా. నేను మాత్రం ఆశ్రమంలో అవ్వలకు వండి వడ్డించి, బాగా నమలమని సైగ చేశాను. పళ్లకు అంటుకుని తిప్పలు పడతారని నా సంబరం. ఒకవ్వ ముద్ద తుంచి, పప్పులో అద్ది, గుటుక్కున మింగింది. వీళ్లూ రాగిముద్ద తిని పెరిగినవాళ్లేనట! పైగా నా దవడ పట్టుకుని, గొంతు చూపించి, మింగమంది.

కోస్తా చుట్టాలతో నేనీ ఆట ఆడినప్పుడల్లా, "ఆయప్ప మాట ఇనొద్దండి, మింగండి!" అని వంటింట్లోంచి అరిచేదానివి.

అవ్వలంతా నన్ను చూసి ఒకటే నవ్వు. చాన్నాళ్లకు రెండో ముద్ద పెట్టించుకున్నాను.