పళ్లు కట్టించిన తొలిక

చేజర్ల

బావా,

మీ ఇంట్లో ఫోను ఎప్పుడూ అక్క చేతిలోనే ఉంటుంది గనుక ఉత్తరం రాస్తున్నాను. వేరుశనక్కాయ పెరికేటప్పుడు మా చేలో నువ్వు పారేసుకున్న పెళ్లి ఉంగరం కోసం స్నేహితుడి మెటల్ డిటెక్టర్ అడిగి తెచ్చాను. దానితోపాటు తవ్వే పనిముట్టు విదేశీ కంపెనీదే కొనాలట! మన ఊరి కొలిమి చల్లారిపోయిందా? పాత లారీ కమాను పట్టీ ముక్కను అక్కడే కాల్చి సాగగొట్టించి, అంచుకు రంపంలాగా పళ్లు నేనే కోశాను. స్వావలంబన అంటే ఇదీ అని అవ్వకు చూపించాను.

"గడ్డి తవ్వే తొలికే గదరా ఇది!"

"పళ్లుండాయి చూడవ్వా."

"ముసలి తొలికకు పళ్లు కట్టించినావా, నాయనా?"

ఆ కోపంతోనే చేనికి పోయి, డిటెక్టర్ కూసిన చోట గట్టిగా ఒక పోటు పొడిచాను. ఉంగరం దొరికింది బావా, రెండు ముక్కలై. నా పనిముట్టు పదును అలాంటిది.

కాబట్టి, మెరుగు పెట్టడానికి ఇచ్చానని అక్కకు నువ్వు చెప్పిన అబద్ధం ఇక నిలవదు. ఆలుమగల మధ్య అబద్ధం కూడా దోపిడీయేనని ఒక కరపత్రంలో చదివాను. ఆదివారం కొండాపురం వస్తున్నాను. వీధి మొదట్లోనే అక్క కేకలు వినిపిస్తే, నిజం చెప్పేశావని సంతోషిస్తాను. వినిపించకపోతే నేనే మొదలుపెట్టిస్తాను.

నీ బావమరిది