శుక్రవారం వంతు

అమలాపురం,
5-6-2003.

ప్రియమైన తమ్ముడు తాతాజీకి,

ఉమక్క దీవెనలు. ఈమెయిల్ ఉండగా స్టాంపులు అంటించి ఉత్తరం రాస్తోందేమిటని ఆశ్చర్యపోకు. ఈ సంగతి ఈమెయిల్లో రాస్తే ఎవరో ఒకరు దాన్ని గ్రూపులో తొమ్మిది వందల మందికీ పంపించేస్తారు. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి కొట్టి నాకు తిట్టడం కూడా సరిగ్గా రావడం లేదు.

మన ఇంటర్నెట్ గ్రూపు సంగతి ఇక తాడో పేడో తేల్చుకోవాలి. గుర్తుందా, నాలుగేళ్ల కిందట కొత్తపేటలో అమ్మిరాజు గారు "లాకుల కబుర్లు" మొదలుపెట్టినప్పుడు మనం పదకొండు మందిమి. కాలవల శాఖలో ముప్పై ఏళ్లు చేసిన మనిషి కాబట్టి పొలాలకి నీటి వంతులు వేసినట్టే మనకీ వేశారు. రోజుకొకరు చొప్పున ఏడుగురం. మంగళవారం నాది, శుక్రవారం నీది. వంతు ఉన్నవాళ్లు ఆ రోజు వచ్చిన కొత్తవాళ్లని పలకరించాలి, సాయం అడిగినవాళ్లకి పొద్దుగూకేలోగా జవాబు చెప్పాలి. ఆ ఒక్క పద్ధతి వల్లే ఎక్కడెక్కడివాళ్లో మన దగ్గరికి వచ్చారు.

ఇప్పుడు చూడు. సోమవారం నలభై ఏడు పోస్టులు వచ్చాయి. లెక్కల టీచర్ని కదా, ఊరుకోలేక లెక్కపెట్టాను. ఇరవై రెండు హీరోల తగువు, పదకొండు ఇంటిపేర్ల తగువు, ఎనిమిది "పదిమందికి పంపకపోతే కీడు" అనే దేవుడి ఉత్తరాలు, అయిదు శుభలేఖ ఫొటోలు. మనిషి మనిషిని అడిగిన మాట ఒకే ఒక్కటి. కువైట్ నుంచి విజయదుర్గ తన కూతురు పది పాసయిందని సంతోషంగా రాసుకుంటే, ఎవడో ఆవిడ చేసే వంటపని ఎత్తి ఎంత మాటన్నాడో నువ్వూ చూశావు. నాలుగేళ్లు ఆదివారం వంతు చేసిన మనిషి, "సెలవండీ" అని ఒక్క మాట రాసి వెళ్లిపోయింది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

అమ్మిరాజు గారికి మూడుసార్లు ఫోన్ చేసి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "ఆయ్, చూద్దారమ్మా. కొత్త నీరు బురదగానే వస్తాది, తర్వాత తేరుకుంటాది. తూము మూసేత్తే ఎలాగ?" అంటారు. ఆయన తూముల్లో మనం కొట్టుకుపోతున్నాం.

అందుకని మిగిలిన ఆరుగురం వంతులు మానేద్దామని అనుకున్నాం. జూలై ఒకటి మంగళవారం, నా వంతుతో మొదలు. పదిహేను రోజులు ఎవరు ఏమడిగినా పలకకూడదు. అప్పుడు తెలుస్తుంది ఆయనకి, గ్రూపు ఎవరి వల్ల నడుస్తోందో. మిగతా నలుగురూ సరేనన్నారు. నువ్వొక్కడివే మెత్తని మనిషివి. మీ బావగారు నన్ను చూసి, "బడిలో స్ట్రైకు చేసే ధైర్యం లేదుగానీ కంప్యూటర్లో చేత్తన్నావా?" అని నవ్వుతున్నారు. నవ్వనీ.

వెంటనే జవాబు రాయి.

ప్రేమతో,
మీ ఉమక్క.


మస్కట్,
17-6-2003.

ప్రియమైన ఉమక్క గారికి,

తాతాజీ నమస్కారములు. మీ ఉత్తరం నిన్న అందింది. మీ చేతిరాత చూసి ముందు సంతోషపడ్డాను, చదివాక దిగులేసింది.

మీరు చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదండి. విజయదుర్గ గారి విషయంలో నాకూ రక్తం మరిగింది. కానీ నా సంగతి కూడా వినండి. ఈ క్యాంపులో మూడు వందల మందిమి ఉంటే తెలుగువాడిని నేనొక్కడినే మిగిలాను. మలికిపురం అతను ఒకడుండేవాడు, మార్చిలో వెళ్లిపోయాడు. వారమంతా స్టోర్ కిటికీలో నుంచి చేతి తొడుగులు, హెల్మెట్లు అందిస్తూ హిందీలో నాలుగు ముక్కలు మాట్లాడతాను. శుక్రవారం సెలవు. ఆఫీసు కంప్యూటర్ దగ్గర కూర్చోనిస్తారు. కరప ఊరి కుర్రాడెవరో వీసా గురించి అడుగుతాడు, ఎవరో పెద్దాయన కొడుకు ఫోన్ చేయడం లేదంటాడు. వాళ్లకి జవాబు చెబుతుంటే, నేను కూడా ఒకడికి పనికొస్తున్నానని అనిపిస్తుంది. అక్కగారూ, నాకు వారంలో ఉన్నది ఆ ఒక్క రోజేనండి. దాన్ని వదులుకోమంటున్నారు.

నా దిగులు సరే. నిజంగా అవసరమై వచ్చినవాళ్ల మాటేమిటండి? మిగతా తొమ్మిది వందల మందీ అలాంటివి ముట్టుకోరు, అది వంతువాళ్ల పనిలే అనుకుంటారు. మనమే అలా అలవాటు చేశాం. అలాంటివాళ్లకి మాత్రం పలుకుదామని మీరు ఒప్పుకుంటే బాగుండునని నా మనవి.

ఒప్పుకోకపోయినా మీ మాట దాటను. కొత్తలో నేను ఏడుస్తూ రాసినప్పుడు నన్ను నిలబెట్టింది మీరు. అయితే ఒకటి, తెరిస్తే చూసి ఊరుకోలేను. అందుకని ఆ పదిహేను రోజులూ అసలు గ్రూపే తెరవను. మామూలు మెయిల్ చూసుకుంటాను, అంతే. ఇది ఒట్టు.

బావగారికి నమస్కారాలు చెప్పండి. ఈసారి వచ్చినప్పుడు ఖర్జూరాలు మరో డబ్బా తెస్తాను.

మీ తమ్ముడు,
తాతాజీ.


అమలాపురం,
12-7-2003.

ప్రియమైన తాతాజీకి,

గెలిచాం! ఇది చదివేసరికి నీకూ తెలిసే ఉంటుంది, అయినా నా చేత్తో రాయకపోతే తృప్తి లేదు.

నీ ఉత్తరం నెలాఖరుకి అందింది. అవసరమైనవాళ్లకి పలుకుదామన్నావు. ఆలోచించాను. కానీ ఎవరి అవసరం అసలైనదో ఎవరు తేలుస్తారు? ఒకరికి పలికితే ఇంకొకరికి పలకాలి. బస్సులు ఆపినవాళ్లు మా చుట్టాలొచ్చారని ఒక బస్సు వదలరు కదా. అందుకే ఆ మాట మిగతావాళ్ల చెవిన వెయ్యలేదు. కోప్పడకు.

నువ్వు తెరవనన్నావుగానీ నేను రోజూ బడి వదిలాక ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి చూశాను. చదవలేదు సుమా, లెక్కపెట్టానంతే. సాయం అడిగిన పోస్టుకి ఒక్కొక్క గీత చొప్పున నోటుబుక్కులో గీశాను. తొమ్మిది రోజుల్లో పంతొమ్మిది గీతలు. మనవాళ్ల జవాబులు సున్నా. ఒక్కరూ జారిపోలేదు. నువ్వు జారతావేమోనని శుక్రవారం నాడు రెండుసార్లు వెళ్లి చూశానంటే నమ్ము. నువ్వూ నిలబడ్డావు.

గురువారం పొద్దున్న అమ్మిరాజు గారే ఫోన్ చేశారు. గొంతు నీరసంగా ఉంది. "ఉమా, మీరు లేకపోతే ఇది ఉత్త సంతగోలేనమ్మా. తప్పు నాదే. తగువులోళ్లని తీసేసేను, మీ వంతులు మీరు చేసుకోండి" అన్నారు. పదిహేడు మందిని తీసేశారు! విజయదుర్గకి క్షమాపణ కూడా రాశారు. ఫోన్ పెట్టేశాక నాకు కళ్లనీళ్లు వచ్చాయి. మన గ్రూపు మనకి తిరిగి వచ్చింది తాతాజీ. మీ బావగారు కూడా ఈసారి నవ్వలేదు, "గట్టిదానివే" అన్నారు.

ఇక నీ శుక్రవారాలు నీకే. ఎలా ఉన్నావో రాయి.

ప్రేమతో,
మీ ఉమక్క.


మస్కట్,
18-7-2003.

ప్రియమైన ఉమక్క గారికి,

నమస్కారములు. మీ దగ్గర్నుంచి ఉత్తరం ఏమీ రాలేదు. సమ్మె ముగిసిందని మాత్రం తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పాలి. ఇది మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను.

పోయిన శుక్రవారం, పదకొండో తారీకున, మా కంపెనీలో కాగితాలు చూసే ఆయన పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఒకామె బుధవారం చనిపోయిందట, మనవాళ్లలా ఉంది, ఆవిడ పుస్తకంలో రాతలు ఎవరికీ అర్థం కావడం లేదు, చదివి పెట్టమన్నాడు. చిన్న జేబు పుస్తకం. తెలుగు పేర్లతో నాలుగు ఫోన్ నంబర్లు, పాస్‌పోర్టులో పేరు బుజ్జమ్మ, ఊరు మలికిపురం దగ్గర. ఎవరి ఇంట్లోనో వంట చేసేదట. కామెర్లు ముదిరాక ఎనిమిదో తారీకున తీసుకొచ్చారు. డాక్టరు మలయాళీ. ఓ నాలుగు రోజులు ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్లమన్నాడు.

మొదటి నంబర్‌కి ఫోన్ చేశాను. తమ్ముడు వీరన్న అట, ఎత్తాడు. చెప్పాను. తర్వాత అడిగాడు, "లాకుల కబుర్లు గ్రూపులో నేను రాసింది చూసి వెళ్లేరాండీ?" అని. నాకు ఏమీ అర్థం కాలేదు. ఏమనాలో తెలియక "ఆయ్" అన్నాను. "ఆలస్యమైనా మా అక్క కోసం వెళ్లేరు. అదే చాలండీ" అన్నాడు.

క్యాంపుకి వచ్చి గ్రూపు తెరిస్తే సమ్మె ముగిసిందని పైనే ఉంది. వీరన్న రాసింది వెతికాను. ఉంది. జూలై మూడు, గురువారం. చూసి రాస్తున్నాను, ఒక్క మాట మార్చలేదు:

"గ్రూపులో పెద్దలందరికీ నమస్కారమండి. మా అక్క బుజ్జమ్మ మస్కట్‌లో ఒక ఇంట్లో పని చేస్తాదండి. వారం నుంచి జ్వరం, కళ్లు పచ్చబడ్డాయని ఫోన్‌లో ఏడ్చింది. నిన్నటి నుంచి ఫోన్ ఎత్తట్లేదండి. అడ్రసు కింద రాసేను. దగ్గర్లో ఎవరైనా ఉంటే ఒక్కసారి తలుపు కొట్టి చూడగలరా అండి. మీ గ్రూపులో అడిగితే ఒక్క రోజులో జవాబు వస్తాదని చెప్పేరండి."

కింద ఒకే ఒక్క జవాబు ఉంది. "ఇంటిపేరు రాయలేదేం?" అని ఎవరో అడిగారు.

ఆ అడ్రసు మా క్యాంపు నుంచి మసీదు దాటితే మూడో వీధి అక్కగారూ. నాలుగో తారీకు శుక్రవారం నాకు పొద్దుపోలేదు. గ్రూపు లేదు కదా. ఆ వీధిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. నీడ ఉందని ఒక గోడ పక్కన నిలబడ్డాను కూడా. అది ఆ ఇల్లు కాకపోవచ్చు. మళ్లీ వెళ్లి చూసుకునే ధైర్యం లేదు.

ఆ శుక్రవారం నా వంతు. నేను తెరిచి ఉంటే ఆ పొద్దున్నే వెళ్లేవాణ్ణి. ఆవిడ బతికేదేమో. ఇంకేమీ తోచడం లేదు. తిండి తినబోతే వీరన్న గొంతు వినిపిస్తోంది. నిజం చెప్పకుండా "ఆయ్" అన్నానే, ఆ మాట నన్ను తినేస్తోంది.

కాగితాల పని నేనే దగ్గరుండి చూస్తున్నాను. శవాన్ని పంపడానికి ఇంకో వారం పడుతుందట. అది అయ్యాక గ్రూపులోంచి నా పేరు తీసేయమని అమ్మిరాజు గారికి చెప్పండి. శుక్రవారం ఇంకెవరికైనా ఇవ్వండి.

మీమీద నాకేమీ కోపం లేదు. మీరు తెరిచి ఉండరు, మీకు తెలిసే వీలు లేదు. తెలిసి ఉంటే మీరు ఊరుకునే మనిషి కాదు. నాకు మిగిలిన ఊరట అదొక్కటే.

మీ తమ్ముడు,
తాతాజీ.


అమలాపురం,
4-8-2003.

తాతాజీకి,

నీ ఉత్తరం అంది ఆరు రోజులైంది. రోజూ రాయబోయి మానేశాను.

మొన్న మలికిపురం వెళ్లాను. వీరన్న ఇల్లు బస్సు దిగి అడిగితే ఎవరైనా చెబుతారు. కొబ్బరికాయలు ఒలిచే పని అతనిది. చిన్నకర్మ అయిపోయింది. ఫలానా గ్రూపు నుంచి వచ్చానంటే కుర్చీ వేసి, చెంబుతో మజ్జిగ ఇచ్చి, ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మీ గ్రూపు మంచిదండీ. ఎవరో తెలియనోళ్ల కోసం ఎవరు పరిగెడతారండి ఈ రోజుల్లో" అన్నాడు. మజ్జిగ తాగాను. తాగి వచ్చేశాను. ఏమీ చెప్పలేదు. ఇకముందు కూడా చెప్పలేను, నాకు తెలుసు.

వచ్చాక గ్రూపు తెరిస్తే అతనే పోస్టు పెట్టాడు. అక్క ఇంటికి చేరిందని, అందరికీ కృతజ్ఞతలని. దాని కింద నలభై ఆరు సంతాపాలు ఉన్నాయి. పన్నెండోదాని దగ్గర గల్ఫ్‌కి ఆడవాళ్లని పంపేది ఏ కులంవాళ్లని ఎవరో అడిగారు. అక్కణ్ణుంచి మళ్లీ తగువే. తీసేసిన పదిహేడు మందీ వేరే పేర్లతో వచ్చేశారు. అమ్మిరాజు గారికి ఫోన్ చేస్తే, "ఆయ్, చూద్దారమ్మా" అన్నారు. విజయదుర్గ రాలేదు. మిగతావాళ్లు వంతులు మరిచిపోయారు. మన గ్రూపు అయిపోయింది తాతాజీ. నిజానికి ఎప్పుడో అయిపోయింది, నేనే ఒప్పుకోలేదు.

ఇప్పుడు అసలు మాట రాయాలి. నా పన్నెండో తారీకు ఉత్తరం ఈపాటికి నీకు అంది ఉంటుంది. అందులో చదవలేదు, లెక్కపెట్టానంతే అని రాశాను. అది అబద్ధం. నేను చదివాను.

ఆ మూడో తారీకు గురువారం సాయంత్రం అయిదున్నరకి వీరన్న పోస్టు చదివాను. రెండుసార్లు చదివాను. అడ్రసు చూశాను. ఏ వీధి ఎక్కడుందో నాకు తెలియదుగానీ మస్కట్ అంటే నువ్వే కదా. నీ ఈమెయిల్ నాకు కంఠతా వచ్చు. నువ్వు మామూలు మెయిల్ చూస్తూనే ఉంటావనీ తెలుసు. "ఒకసారి వెళ్లి చూడు" అని రాయడానికి ఒక్క నిమిషం పట్టేది. చెయ్యి కీబోర్డు మీద పెట్టాను కూడా.

రాయలేదు. నీకు చెబితే వెళ్తావు. వెళ్లాక ఆవిడ గురించి గ్రూపులో చెప్పకుండా ఉండలేవు. చెబితే మూడో రోజుకే సమ్మె చెదిరిపోతుంది, అమ్మిరాజు గారు నవ్వుతారు అనుకున్నాను. జ్వరమే కదా, ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్నాను. నోటుబుక్కులో ఇంకో గీత గీసి ఇంటికొచ్చి పప్పుచారు పెట్టుకున్నాను. మర్నాడు నువ్వు పలకలేదని చూసి సంతోషించాను. ఇవన్నీ నేనే చేశాను, ఎవరో కాదు.

నీది వంతు మాత్రమే. చూసింది నేను. కాబట్టి ఆ బరువు నీది కాదు, నాది. నీకు మిగిలిన ఊరట తీసేస్తున్నానని తెలిసే రాస్తున్నాను. నా కోసం దాచుకుంటే నువ్వు జన్మంతా నిన్నే తిట్టుకుంటావు.

వీరన్న నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, "మస్కట్‌లో ఆయన అడ్రసు ఇస్తారాండీ, ఓ ఉత్తరం రాసుకుంటాను" అన్నాడు. నీ అడ్రసు ఇచ్చాను. నా అడ్రసు కూడా అడిగాడు. ఇవ్వలేదు.

ఉమామహేశ్వరి.