ఐదు ఒక్కపొద్దులు

వేముల,
మంగళవారం.

మామా,

మీ కాళ్లకు మొక్కి రాస్తున్నాను. ఇంట్లో అత్త, నేను, జీవాలు క్షేమమే. కడప జైల్లో మీ ఒళ్లెలా ఉందో తెలియక మనసు నిలవడం లేదు.

మీరడిగినవి చెబుతాను. నల్లమేక రెండు పిల్లలను ఈనింది. రేపు జమ్మలమడుగు కోర్టులో మీ బెయిలు తేలుతుందని వకీలు కబురు చేశాడు. ఎదుటి పార్టీవాళ్లు ఎవరూ మన గడప తొక్కలేదు. వీధిలో జీపు చప్పుడైతే లేచి తలుపు గడియ చూసి వస్తున్నాను. ఈ నాలుగు వరసలకే మూడుసార్లు లేచాను.

తింటున్నావా అని అడిగారు. జైలువాళ్లు కూడా చదువుతారని సిగ్గుగా ఉంది. పోయిన వారం బిందె ఎత్తుతూ పడిపోయాను. పక్కింటి జానీబీ నన్ను ప్రొద్దుటూరు డాక్టరమ్మకు చూపించింది. ముప్పై నాలుగు కిలోలున్నాను. ఆమె ఏమడిగినా బాగానే తింటున్నానన్నాను.

"వారానికి ఐదు దినాలు ఒక్కపొద్దంటాది డాక్టరమ్మా. ఆ ఒక్కపూటదీ కుక్కకేస్తాది. గోడ మీంచి నేను సూస్తానే ఉండా. కుక్క బలిసె, ఈ పిల్ల ఎండిపాయ!" అని జానీబీ చెప్పేసింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "మనం తినేదాంట్లో ఐదో వంతు మెదడుకే పోతుందమ్మా. పస్తులుంటే అదీ చక్కెర వాడకం తగ్గించుకుంటుంది. ఇట్లాంటి ఆడపిల్లల తలలు స్కానింగు యంత్రంలో పెట్టి చూశారు. మెదడు మందగిస్తుంది, పట్టుకున్న ఆలోచనను వదలదు. తిండి పడితే శానావరకు కోలుకుంటుంది. నీ తలలో తిరిగే ఆలోచన ఏంది?" అని అడిగింది.

ఏమీ లేదన్నాను. అబద్ధం మామా.

మీ క్షేమం కోసం మొదట శనివారాలే ఒక్కపొద్దు ఉండేదాన్ని. ఓట్ల నాడు శనివారమని మరిచి వదిన ఇంట్లో రెండు పూటలూ జొన్నరొట్టె తిన్నాను. ఆ సాయంత్రమే మీ జీపు మీద బాంబులు పడ్డాయి. మీ పక్కనున్న ఓబయ్యన్న పోయాడు. తర్వాతి గొడవలో మిమ్మల్ని పోలీసులు పట్టుకుపోయారు. ఆ రొట్టే ఇదంతా చేసిందని నా తలలో కూర్చుంది. అందుకే ఒక్కో దినం పెంచుకుంటూ పోయాను.

అత్త వచ్చినవాళ్లందరికీ, "నా కోడలు మొగుని కోసం ఎంత నిష్ఠ పట్టిందో సూడండి" అంటుంది. నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఎందుకంటే తినకుంటే ఒళ్లు తేలికై భయం తగ్గుతుంది. అది నాకు ఇష్టమైపోయింది. మీ కోసమో నా కోసమో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

ఇప్పుడే లేచి రెండు ముద్దలు తిని వచ్చాను. ఈ జాబు అందేసరికి బెయిలు సంగతి తేలిపోయి ఉంటుంది. బెయిలు రాకపోతే, అది నేను తిన్నందుకు కాదని మీ చేత్తో ఒక్క వరస రాయండి. పూటపూటకూ చదువుకుని తింటాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
సుంకులమ్మ