పదిహేను కిలోల గొడవ

జూన్ 21

రోబోటిక్స్ క్లబ్‌లో పనులు పంచారు. మోటార్లు ఒకరికి, వెల్డింగ్ ఇంకొకరికి, రిమోట్ కెప్టెన్ కార్తీక్‌కి. నాకు పోస్టర్లు. "నీ హ్యాండ్‌రైటింగ్ బావుంటుంది కదా హారికా..." అన్నాడు కార్తీక్.

చదువుతున్నది మెకానికల్ రెండో సంవత్సరం, చేతిరాత కాదు. ఆ మాట అక్కడ అనలేదు. మార్కర్ టేబుల్ మీద పడేసి వచ్చేశాను. అనాల్సిన మాట బస్సు బెంజి సర్కిల్ దాటాక గుర్తొచ్చింది.

జూన్ 23

అమ్మకి చెప్పాను. స్కూల్లో ఫిజిక్స్ చెప్పి వచ్చి, చీరైనా మార్చుకోకుండా పక్కింటివాళ్ళ మిక్సీ విప్పుకుని కూర్చుంది. ఓదారుస్తుందనుకున్నాను.

"అసలు రోబో వార్ అంటే ఏంటే?"

వీడియో చూపించాను. అద్దాల గదిలాంటి దాంట్లో రెండు యంత్రాలు. బయటినుంచి రిమోట్లతో నడుపుతారు. ఒకటి కదలకుండా పడిపోయేదాకా కొట్టుకుంటాయి. అమ్మ మొత్తం చూసింది. మళ్ళీ మొదటినుంచి పెట్టుకుని చూసింది.

"మనం చేద్దాం."

"మనం అంటే?"

"నువ్వూ నేనూ. ఇంకెవరున్నారిక్కడ?"

జూన్ 29

అక్టోబర్‌లో గుంటూరు దగ్గర కాలేజీలో పోటీ. పదిహేను కిలోల విభాగం. ఎవరైనా రావచ్చట, స్టూడెంట్లే కానక్కర్లేదు. కార్తీక్ వాళ్ళూ అక్కడికే వస్తున్నారు.

మంచిది. రానీ.

జూలై 6

పామర్రు. మావయ్య ట్రాక్టర్ షెడ్డు. అమ్మ పాత రోటావేటర్ కత్తులు ఏరుతోంది, ఎండిపోయిన మన్ను గోటితో గీకి చూస్తోంది. పొలం దున్నీ దున్నీ అంచులరిగిపోయినవి. అయినా వంచితే వంగవు.

"దున్నడానికి కాకపోతే ఇవెందుకక్కా నీకు?"

"కొట్టడానికిరా."

"ఎవర్ని?"

"ఇంకా తెలీదు."

మావయ్య నావైపు చూశాడు. నేను సంచి మూతి తెరిచి పట్టుకున్నాను.

జూలై 19

ఆటోనగర్. చక్రాలకి కారు వైపర్ మోటార్లు రెండు. కొట్టాయన అమ్మని అడిగాడు — "బాబు ప్రాజెక్టాండీ?"

"కాదండీ. మాదే."

ఆగస్టు 2

పేరు నాన్న పెట్టాడు. కోపంలో. డైనింగ్ టేబుల్ మీద బేరింగులు, సోఫాలో బ్యాటరీ, టిఫిన్ పెట్టుకోవడానికి చోటు లేదు. "పొద్దున లేస్తే ఏంటీ గొడవ!"

అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎర్ర రంగుతో రేకు మీద రాశాను — గొడవ. చేతిరాత పనికొచ్చింది.

ఆగస్టు 10

సెల్లార్‌లో మొదటిసారి కత్తులు తిప్పాం. ఇనప చక్రానికి అటొకటి, ఇటొకటి. చుట్టూ ఇసక బస్తాలు. స్విచ్ వేయగానే సీలింగ్ ఫ్యాన్ మూలిగినట్టు ఓ మూలుగు, తర్వాత ఈల, తర్వాత... కత్తి కనపడలేదు, గాలే కనపడింది. ఒళ్ళు జలదరించింది. ఆనందంతో.

అప్పుడు బోల్టు తెగింది.

కత్తి ఒక బస్తా చీల్చుకుని వెళ్ళి నాన్న స్కూటర్ పక్కన పడింది. అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు గారు లుంగీ ఎగ్గట్టుకుని దిగొచ్చారు. "ఇది పార్కింగమ్మా, యుద్ధరంగం కాదు!"

"అందుకే బస్తాలు వేశామండీ," అంది అమ్మ. అంటూనే స్విచ్ ఆగిందో లేదో మళ్ళీ చూసుకుంది. 

ఆగస్టు 11

నాన్న అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ కత్తి చేతిలో పట్టుకుని, "ఆ పక్కన మీ ఇద్దర్లో ఎవరున్నా..." అని ఆగిపోయాడు.

"ఇంక మానేయండి."

అమ్మ ఆ కత్తి తీసుకుని బోల్టు తెగిన చోటు చూసింది. తర్వాత — "మానెయ్యం. సరిగ్గా చేస్తాం."

ఆగస్టు 24

ఇకనుంచి ఆదివారాలు పామర్రులోనే. మావయ్య పాత ధాన్యం గాదె ఇనప రేకులతో నాలుగువైపులా గోడలు కట్టించాడు. గొడవ లోపల, మేం బయట. కళ్ళద్దాలు లేకుండా ఎవరూ షెడ్డులోకి రాకూడదని అమ్మ రూలు. అత్తయ్య మజ్జిగ తెచ్చినా కళ్ళద్దాలు పెట్టుకునే తెస్తోంది.

బోల్టులు మార్చాం. తిరిగింది. ఏమీ ఊడలేదు.

సెప్టెంబర్ 8

పరీక్షలు రాసి వచ్చేసరికి వైరింగ్ అంతా మారిపోయి ఉంది. నేను వేసినది పీకేసి అమ్మ మళ్ళీ వేసింది. నీటుగా, రంగురంగుల టేపులు చుట్టి, మీద లేబుళ్ళు కూడా.

"నీది లూజుగా ఉందే. అందుకని..."

"అడిగావా నన్ను?"

"అడిగేదేముంది ఇందులో? తప్పు తప్పే కదా."

కట్టర్ తీసుకుని అమ్మ వేసిన వైర్లన్నీ కత్తిరించేశాను. ఒక్కొక్కటే. అమ్మ ఎదుటే. "ఇది నీ స్కూలు సైన్స్ ఫెయిర్ కాదు."

ఆ మాట అనగానే అమ్మ మొహం చూశాను. అయినా వెనక్కి తీసుకోలేదు. వాళ్ళు పోస్టర్లిచ్చారు, నువ్వేమో నా పని పీకేసి లేబుళ్ళంటించావు. తేడా ఏంటి?

సెప్టెంబర్ 10

మాటల్లేవు. అన్నం పెడుతుంది, వెళ్ళిపోతుంది.

సెప్టెంబర్ 11

స్కూల్ నుంచి వచ్చి, చెప్పులతోనే నా గదిలోకి వచ్చింది. "నేనైతే ఒప్పుకునేదాన్ని కాదు, ఎవరైనా నా పని విప్పితే."

అంతే. సారీ లేదు. నేనూ చెప్పలేదు. కూర్చుని నా వైరింగ్ మళ్ళీ మొదలుపెట్టాను. అమ్మ టార్చి పట్టుకుంది. ఒకచోట నోరు తెరిచి, మూసుకుంది. చూసుకుంటే అక్కడ నిజంగానే లూజు. బిగించాను.

ఒప్పందం: నడపడం నాది. కత్తుల స్విచ్ అమ్మది.

సెప్టెంబర్ 28

బరువు తూచాం. పదహారు దాటింది. అడుగు రేకుకి చిల్లులు పొడిచాం, జల్లెడయింది. ఇంకా ఎక్కువే. మళ్ళీ పొడిచాం, పదిహేనుకి దిగేదాకా. డ్రిల్లు పట్టీ పట్టీ అమ్మ చెయ్యి బొబ్బలెక్కింది. రేపు బోర్డు మీద చాక్ ఎలా పట్టుకుంటావంటే, "ఎడం చేత్తో," అంది.

అక్టోబర్ 11

పోటీ. గేటు దగ్గర వలంటీరు — "పేరెంట్స్ గ్యాలరీలో కూర్చోవాలండి, మేడమ్."

"పేరెంట్‌ని కానండీ. టీమ్‌ని."

కుర్రాడు ఇంకెవరినో అడగడానికి వెళ్ళాడు. వాడొచ్చేలోపు అమ్మ లోపలికెళ్ళి టేబుల్ మీద పానాలు, స్క్రూడ్రైవర్లు సర్దేసింది. నేత చీర, కళ్ళద్దాలు, చెప్పుల బదులు నాన్న బూట్లు.

మైకులో "నెక్స్ట్... గొడవ!" అనగానే గ్యాలరీ అంతా నవ్వు. మొదటి రౌండు అయ్యాక ఎవరూ నవ్వలేదు. అవతలి రోబో మూత పైకి లేచి అద్దానికి కొట్టుకుంది.

రెండో రౌండు కార్తీక్ వాళ్ళతో.

వాళ్ళది ముందు చేటలా వంచిన స్టీలు. కిందకి దూరి మమ్మల్ని ఎత్తేస్తోంది. పడ్డాం, లేచాం, మళ్ళీ పడ్డాం. సగంలో మా బ్యాటరీ నుంచి పొగ. అమ్మ వేలు స్విచ్ మీద.

"ఆపెయ్యనా?"

"ఆపకు!"

"కాలిపోతుందే..."

"ఆపొద్దన్నానా!"

అమ్మ ఆపలేదు. నేరుగా వెళ్ళి గుద్దాను. వాళ్ళ చక్రం ఊడి దొర్లుకుంటూ పోయింది. మాది అక్కడే మంటలంటుకుని ఆగిపోయింది. ముందు కదలడం మానింది మాదే.

ఓడిపోయాం.

బయట కార్తీక్ వచ్చాడు. "మా టీమ్‌లోకి వచ్చేయ్. డిజైనంతా నీకే ఇస్తాం."

"మరి పోస్టర్లెవరు రాస్తారు?"

ఈసారి బస్సెక్కకముందే అనేశాను.

అక్టోబర్ 12

ఇంటికి తెచ్చింది ఓ బస్తా మసి. బాధగా లేదు. నిజం — ఆ చక్రం దొర్లడం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది.

అమ్మే మాట తీసింది. "వాళ్ళ చక్రం అప్పటికే వదులైంది. కత్తి ఆపి, కాసేపు తప్పించుకు తిరిగుంటే వాళ్ళే ఆగిపోయేవాళ్ళు. గెలిచేవాళ్ళం."

"పారిపోయి గెలవడం నాకొద్దు."

"పారిపోవడం కాదే, ఆగి చూడటం."

"మరి నువ్వెందుకు ఆపలేదు?"

"నడిపేది నువ్వు కదా. నువ్వొద్దన్నావు."

 "మళ్ళీ అదే జరిగినా ఆపమనను," అన్నాను.

అమ్మ కాలిన వైరు ముక్క చేతిలో తిప్పుతూ, "సరే. నీది నువ్వు చేసుకో. నాది నేను చేసుకుంటా," అంది.

అక్టోబర్ 19

తమాషాకి అనలేదు. ఫిబ్రవరిలో విశాఖపట్నం పోటీకి అమ్మ విడిగా పేరిచ్చింది. నేనూ ఇచ్చాను. కోపం కాదు ఇది. కోపమైతే అన్నం దగ్గర తెలుస్తుంది. అన్నం దగ్గర మామూలుగానే ఉన్నాం, యంత్రాల మాటే ఎత్తం.

నవంబర్ 2

అమ్మ ఒక్కతే ఆటోనగర్ వెళ్ళొచ్చింది. పెద్ద సంచి. ఏం కొన్నావన్నాను.

"నీకెందుకు చెప్తా?"

వెనక బాల్కనీ తలుపు వేసేసుకుంది. లోపల డ్రిల్లు.

నవంబర్ 9

నాన్న ఇద్దరికీ కాఫీ ఇస్తాడు, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పడు. ఇవాళ మెల్లిగా అడిగాను — ఎన్ని మోటార్లు పెడుతోందని మాత్రం చెప్పు నాన్నా, రెండా?

కప్పు తీసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండు కాదన్నమాట. మూడైతే... చక్రాలకి రెండు, కత్తికి ఒకటి, అది అందరికీ ఉండేదే, దానికి నాన్న నవ్వడు. నాలుగా? నాలుగో మోటారుతో ఏం చేస్తుంది అమ్మ?