సిలిండరు మెడకు కట్టిన ఉత్తరాలు

సిరిసిల్ల, మంగళవారం

పూజ్యులైన మామయ్య గారికి అల్లుడు మహిపాల్ నమస్కరించి వ్రాయునది.

దసరానాడు మీ సోడాకొట్టులో, మీ కళ్లముందే, నేను కంపెనీ కూల్‌డ్రింక్ సీసా మూత తీసిన క్షణం నుంచి మీరు నా ఫోన్ ఎత్తడం లేదు. మా గడప తొక్కనని కూడా అన్నారట. అందుకే ఈ ఉత్తరం. మంగళవారాలు కోరుట్లకు బట్టల తానులు తీసుకెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే వెంకటి ట్రాలీలో పంపుతున్నాను. తప్పు నాదే. కానీ ఆ పూట అత్తమ్మ వండిన మటన్‌లో కారం ఎంతుందో మీకూ తెలుసు.

అసలు సంగతి. మా హాల్లో ఉప్పునీళ్ల అద్దాల తొట్టి పెట్టాను. అందులో బతికున్న పగడాలున్నాయి. అవి పెరగాలంటే సున్నం కావాలి. పక్కన ఒక గొట్టంలో సున్నపు రాళ్లు పోసి, గ్యాస్‌ను ఒక్కో బుడగగా వదిలితే రాళ్లు మెల్లగా కరిగి సున్నం తొట్టిలోకి చేరుతుంది. ఆ గ్యాస్ మరేదో కాదు, నలభై ఏళ్లుగా మీరు సోడాల్లో నింపుతున్నదే.

ఇక్కడొకాయన మంటలార్పే ఎర్ర సిలిండరు ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

ఇట్లు,
మీ కోపానికి పాత్రుడైన అల్లుడు మహిపాల్

తా.క.: శివరాత్రి దాటాక స్వరూపకు కొత్తింట్లో ఒడిబియ్యం పోయాలి. "మా నాయిన రాకుంటే నా ఒడి ఎవరు నింపుతరు?" అని రోజూ అడుగుతోంది.


కోరుట్ల, అదే మంగళవారం

అల్లుడు మహిపాల్‌కు మామ హన్మండ్లు రాసేది.

నీతోని నేను మాట్లాడుతలేను. ఇది సిలిండర్ ముచ్చట, గందుకే రాస్తున్న.

గా ఎర్రదాన్ని ముట్టకు. దాని లోపల అడుగుదాక పైపుంటది. నిలవెట్టి తిప్పినవంటే గ్యాస్ రాదు, నీళ్ల లెక్క దుంకుతది. సిలిండర్‌కు బిగించిన నీ మీటర్ గడ్డకడ్తది. సైన్సు సార్‌వి, గిది ఎరుక లేదా? ఏ సిలిండర్‌కైనా మెడ మీద పరీక్ష చేసిన సంవత్సరం కొట్టి ఉంటది. ముందుగాల అది చదువాలె, తర్వాత రంగు చూడాలె.

మా కొట్టుల చిన్న సిలిండర్, మేము 'చిన్నది' అంటం, దాన్ని పంపుతున్న. జగిత్యాలల పోయిన నెలనే పరీక్ష చేయించిన. సొట్టలున్నయని నవ్వకు, స్వరూప చిన్నగున్నప్పుడు గుర్రమని దీని మీదనే ఎక్కి ఊరేగేది. నాలుగు కిలోల గ్యాస్ నింపిన. అయిపోతే అక్కడ ఎవనికీ ఇయ్యకు. వాళ్లు మనది గుంజుకొని ఎవనిదో తుప్పుది చేతుల వెడ్తరు. ఇది నా దగ్గరికే రావాలె. నేనే నింపుత.

ఇట్లు,
హన్మండ్లు (సోడా తయారీ, కోరుట్ల)

తా.క.: రాళ్లకు సోడా తాపుతున్నవు. నువ్వు మాత్రం కంపెనీ సీస తాగుతవు. బాగుంది!


సిరిసిల్ల, రెండు వారాల తర్వాత, మంగళవారం

పూజ్య మామయ్య గారికి నమస్కారములు.

చిన్నదాన్ని తిరిగి పంపుతున్నాను, క్షమించండి. గ్యాస్ అయిపోయింది. ఆదివారం దాకా మీటరు ముల్లు కదలకుండా ఉంది. సోమవారం బడి నుంచి వచ్చేసరికి సున్నా. సబ్బునీళ్లు రాసి ప్రతి అతుకూ చూశాను, ఒక్క బుడగ రాలేదు. వాషరు కూడా మార్చాను. దయచేసి నింపి పంపగలరు.

ఇట్లు,
మహిపాల్

తా.క.: మీ ఉత్తరాన్ని స్వరూప నాలుగుసార్లు చదివింది. గుర్రం ముచ్చట దగ్గర నవ్వి, తర్వాత వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదింది. ఉల్లిగడ్డలని చెప్పింది. ఆ రోజు మేం వండింది పప్పుచారే, అందులోకి ఉల్లిగడ్డ వేయలేదు.


కోరుట్ల, అదే మంగళవారం పగటిపూట

సిరిసిల్ల సోడా కంపెనీ ఓనర్ గారికి హన్మండ్లు దండం వెట్టి రాసేది.

నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా? సెకనుకు ఒక్క బుడగ అంటే నాలుగు కిలోలు ఎనిమిది నెలలు రావాలె. పదిహేను రోజులల్ల ఎట్ల అయిపాయె? పెండ్లిలకు సోడా కొట్టినా గంత ఖర్చు కాదు.

మీ ఇంటికి వచ్చి పోయిన వెంకటిని అడిగిన. "గొట్టంల బుడబుడ సప్పుడే మామా! పక్కపొంటి ఖాళీ సీసలు, ఒక్కొక్క దాని మీద తారీకు రాసిన చీటీ" అని చెప్పిండు. తారీకు లేబుళ్లు సుత ఏసినవా! సొంత మామ గ్యాస్ తోని సొంత మామకే పోటీ దుకాణం పెడ్తవా?

గా ముల్లును నమ్మకు. లోపల గ్యాస్ నీళ్ల లెక్క ఉన్నంత సేపు ముల్లు కదలదు, అడుగంటినంకనే పడ్తది. సిలిండర్‌ను తూకమేసి చూడాలె. గది చదువుల చెప్పలేదా?

అయినా నింపిన. నాలుగు కిలోలు.

ఇట్లు,
నీ చేతిల మోసపోయిన మామ

తా.క.: ఏం రుచి అమ్ముతున్నవు? నిమ్మకాయనా, నన్నారినా? ఊకెనే అడుగుతున్న.


సిరిసిల్ల, మళ్లీ రెండు వారాలకు, మంగళవారం

మామయ్య గారికి,

ఆ సీసాల్లో ఉన్నది సోడా కాదు, తొట్టి నీళ్లు. సున్నం ఎంతుందో చూసుకోవడానికి వారంవారం పట్టి పెడతాను. మీరు కావాలంటే తాగి చూడవచ్చు, సముద్రమంత ఉప్పగా ఉంటాయి.

చిన్నది మళ్లీ ఖాళీ. సోమవారమే. ఈసారి ఒక మాట అడగక తప్పడం లేదు. మీరు నిజంగా నాలుగు కిలోలు నింపుతున్నారా? దసరా కోపం గ్యాస్ మీద చూపిస్తున్నారేమోనని నా అనుమానం.

ఇట్లు,
మహిపాల్

తా.క.: పై వాక్యం వ్రాయవద్దని స్వరూప కలం లాక్కుంది. ఇంకో కలంతో వ్రాశాను.


కోరుట్ల, అదే దినం

మహిపాల్ సార్‌కు,

నలభై ఏండ్ల సంది ఒక్క సోడల గ్యాస్ తక్కువ వెట్టలే! గోలీ నెత్తిన పెట్టుకొని ఒట్టు వెడ్త!

చిన్నదాన్ని రేషన్ దుకాణం తరాజు మీద నిలవెట్టిన. ఖాళీగ తూకం, నిండినంక తూకం, రెండూ చీటి మీద రాయించి మెడకు కట్టిన. సాక్షులు: లైన్ల ఉన్న బాలవ్వ వేలిముద్ర, రేషన్ దుకాణం దివాకర్ సంతకం. బియ్యానికి లైన్ల నిలవడ్డ పదిమంది దీనెంబడి వచ్చి చూసిండ్రు. "హన్మండ్లూ, నీ సిలిండర్‌కు సుత రేషన్ కార్డు అచ్చిందా?" అని ఊరంత నవ్వుతున్నది. ఇదంత నీ వల్లనే.

నీ ఇంట్ల నువ్వు సుత తూకమెయ్యి. అప్పుడు మాట్లాడు.

ఇట్లు,
పరువు వోయిన హన్మండ్లు

తా.క.: ఒడిబియ్యం సంగతి అడుగకు. మీ అత్త సాయవ్వ చీర కొన్నది. రంగు నేనే చెప్పిన, చిలకపచ్చ. గంత మాత్రాన వస్తున్నట్టు కాదు.


సిరిసిల్ల, మరో రెండు వారాలకు, మంగళవారం

పూజ్యులైన మామయ్య గారికి,

మీ తూకం నిజం. ఇక్కడా సరిగ్గా అంతే వచ్చింది. మిమ్మల్ని అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాను. కానీ నిన్న సోమవారం మళ్లీ ఖాళీ. దొంగ ఎవరో, లోపం ఎక్కడో నాకు అంతుపట్టడం లేదు. గ్యాస్ ఆగిన ప్రతిసారీ పగడాల మొనలు తెల్లబడుతున్నాయి. వాటిని అలా చూడలేకపోతున్నాను.

ఒక నిర్ణయానికి వచ్చాను. ఆదివారం కరీంనగర్ నుంచి అభినవ్ అనే మిత్రుడు వచ్చి తొట్టిని తీసుకువెళ్తాడు. అతని దగ్గరైనా అవి బతుకుతాయి. మీ చిన్నదాన్ని శాశ్వతంగా తిరిగి పంపుతున్నాను. ఇక మీకు నింపే శ్రమా, నా ఉత్తరాల బాధా ఉండవు.

ఇట్లు,
మహిపాల్

తా.క.: ఒక నిజం చెప్పాలి. ఈ నెలన్నరగా మంగళవారం సాయంత్రం నేను వెంకటి ట్రాలీ కోసమే వాకిట్లో నిలబడుతున్నాను. మీ తిట్లు లేకపోతే మంగళవారానికి రుచి ఉండదు మామయ్యా.


కోరుట్ల, ఇయ్యాల్నే, వెంకటిని వాకిట్ల కూసోవెట్టి

బిడ్డ లెక్కటి అల్లుడు మహిపాల్‌కు మామ వెయ్యేండ్లు బతుకుమని దీవించి రాసేది.

ఆగు! తొట్టిని ఎవనికీ ఇయ్యకు. గా పిలగాన్ని రావద్దని ఇప్పుడే ఫోన్ చెయ్యి.

ఇంటి దొంగను ఈశ్వరుడు సుత పట్టలేడంటరు. నేను పట్టిన. రెండోమాటు సుత "సోమవారమే" అని నువ్వు రాసిన కాడనే పట్టిన. ఎప్పుడు అయిపోయినా సోమవారమే. ఎందుకంటే మంగళవారం వెంకటి వస్తడు. గ్యాస్‌కు క్యాలెండర్ ఎరుకనా అల్లుడా?

స్వరూపకు ఎనిమిదేండ్లున్నప్పుడు నేను మీ అత్త మీద అలిగి నాలుగు రోజులు మాట్లాడలే. ఐదో నాడు చూస్తే చిన్నది ఖాళీ. అప్పుడు గ్యాస్ జగిత్యాలలనే నింపేది. ఒక్కరు మోసేది కాదు, ఇద్దరం చెరో పక్క పట్టుకొని పోయినం. పోంగ మాటల్లేవు. రాంగ మిరపకాయ బజ్జీలు తినుకుంట నవ్వుకుంట వచ్చినం. వచ్చే నెల మళ్ల అలిగిన, మళ్ల ఖాళీ. నాలుగోమాటు పెరట్ల పాన పట్టుకొని గ్యాస్ వదులుకుంట స్వరూప దొరికింది. కొడదామని చెయ్యెత్తిన. "నాయినా, గ్యాస్ అయిపోతేనే మీరిద్దరు మాట్లాడుకుంటరు" అన్నది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపాయె.

దాన్ని తిట్టకు. సోడా కొట్టుల పుట్టిన పిల్ల. మొగడు తండ్రి మాట్లాడుకుంటలేరని దానికి తెలిసిన వైద్యం చేసింది. పగడాలు తెల్లవడ్తున్నయని నేను చెప్త, ఇంక చెయ్యది.

ఎరుకైతే ముందే ఎందుకు చెప్పలే అంటవా? చెప్తే నీ ఉత్తరాలు ఆగిపోతయి. మరి గా సాక్షి సంతకాలు ఎందుకంటవా? ఉత్తరం పొడుగు కావాలె గదా.

ఎల్లుండి బేస్తారం పొద్దుగాల నేను, మీ అత్త వస్తున్నం. చిలకపచ్చ చీర, బియ్యం, చిన్నది, అన్ని కట్టి పెట్టినం. బిడ్డ ఒడి నేనే నింపుత. నీ పగడాలను సుత చూస్త. నలభై ఏండ్లు మనుషులకు తాపిన, నా గ్యాస్ తోని పెరిగేది ఎట్లుంటదో ఎన్నడు చూడలే.

ఇట్లు,
అలక ఒడిసిన మామ హన్మండ్లు

తా.క. 1: రెండు పెట్టెల గోలీసోడ తెస్తున్న. మీ ఫ్రిజ్జుల గా కంపెనీ సీస కనవడ్డదో, గడప కాన్నుంచే మర్లిపోత.

తా.క. 2: చిన్నదాన్ని నిండ నింపిన. ఈసారి ఎనిమిది నెలలు వస్తది. ఎనిమిది నెలలంటే చాన దినాలు అల్లుడా. గ్యాస్ ఉన్నా సరే, మంగళవారం ఉత్తరం పంపు.