సగం మాట, రెట్టింపు మాట

సిద్దిపేట,
శనివారం, 12 ఆగస్టు 1944.

బొంబాయి మిల్లులో ఉన్న రాజమల్లన్నకు మిషన్ దవాఖాన నుంచి ఇశ్రాయేలు చేతులు జోడించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెడదామని కలం పట్టాను, చెయ్యి ఆడలేదు. నీ క్షేమం మాత్రం రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను.

అన్నా, గుండె దిటవు చేసుకొని చదువు. పోయిన వారం వానలో నీ తమ్ముడు పర్శరాములు కల్లు గీస్తూ తాటిచెట్టు మీద నుంచి జారిపడ్డాడు. తొడ ఎముక విరిగింది. పుండు చీము పట్టి జ్వరం వచ్చింది. కాలు కదలకుండా బరువు కట్టి మంచానికి వేలాడదీశారు.

చూసేది ఇద్దరు. ఒకరు మా ఇంగ్లండు డాక్టరమ్మ. రెండో ఆయన అమెరికా పట్టాళపు డాక్టరు, మలేరియా తగ్గేదాకా బంగళాలో చుట్టంగా ఉన్నాడు. వాళ్ల మాట రోగులకు తెలుగులో చెప్పే పని నాది.

వాళ్ల ఎగతాళి నువ్వు వినాలి. అమెరికావాళ్లు దోసెడు నీళ్లు చూసి సముద్రం అంటారని, ప్రార్థన కూడా అరిచే చేస్తారని ఆమె అంటుంది. ఇంగ్లండువాళ్లు ఇల్లు తగలబడుతుంటే ముందు చాయ్ తాగి, తరువాత కొంచెం ఉక్కగా ఉందంటారని ఆయన అంటాడు. మన సిద్దిపేటవాళ్లు మెదక్ వాళ్లను ఆడిపోసుకున్నట్టే అనుకో. నేను మాత్రం అది విని ఒక లెక్క కట్టుకున్నాను. అమెరికా దొర మాట సగానికి తీసుకోవాలి, డాక్టరమ్మ మాట రెట్టింపు చేసుకోవాలి. ఇన్నాళ్లూ ఆ లెక్క తప్పలేదు.

నిన్న దొర పుండు చూశాడు. ఏ రోగినైనా వచ్చే వారానికి కుస్తీ పడతావని భుజం తట్టే మనిషి, బతకవచ్చు అని మాత్రం అన్నాడు. అందులో సగం తీస్తే ఏం మిగులుతుంది? డాక్టరమ్మేమో నాకు చాలా భయంగా ఉంది అంది. అది రెట్టింపైతే ఇంకేముంది అన్నా!

ఆ సంగతి పర్శరాములు భార్య లచ్చవ్వకు చెప్పేశాను. పరాయి జాగల పానం పోవద్దు, మా గడపల్నే పోవాలె, మా ఊరు వేములఘాట్ తోల్కపోతా అని ఆమె పట్టుబట్టింది. డాక్టర్లు ఒప్పుకోరు కాబట్టి రేపు వాళ్లు మిషన్ గుడిలో ఆరాధనలో ఉండగా బండి కడతాం. నీకు తమ్ముడి కడచూపు దక్కాలంటే దొరికిన రైలెక్కు. నాకు అన్నం సయించడం లేదు.

నీ మేలు కోరే
ఇశ్రాయేలు

తా.క. — ఆదివారం సాయంత్రం. ఈ రోజు టపా లేక ఉత్తరం నా దగ్గరే ఉంది, అసలు సంగతి ఇందులోనే రాస్తున్నాను.

బండి కోమటి చెరువు కట్ట దాకా పోయిందో లేదో, ఎవరో చెప్పగా డాక్టర్లిద్దరూ గుడిలోంచి పరుగెత్తుకొచ్చి ఎద్దులకు అడ్డం నిలబడ్డారు. ఎందుకు తీసుకుపోతున్నారని అడిగితే నా లెక్క చెప్పాను. డంబాలు పలుకుతావని డాక్టరమ్మ వారమంతా దెప్పితే దొర సిగ్గుపడి, ఈ ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. మనసులో మాట దాస్తారన్న దొర దెప్పు తగిలి ఆమె కూడా ఉన్న భయం ఉన్నట్టే చెప్పిందట. అప్పటికే జ్వరం దిగడం మొదలైంది.

పర్శరాములు బతుకుతాడు అన్నా. కానీ బండి కుదుపులకు ఎముక పక్కకు జరిగింది. కాలు పొట్టిదవుతుంది, ఇక చెట్టెక్కలేడు. దవాఖానకు తిరిగి తెచ్చి చూశాక ఇద్దరూ ఒకే మాట చెప్పారు. లచ్చవ్వకు చెప్పాను. ఆమె ఏడవలేదు, నా మొహం చూసి లోపలికి పోయింది.

పర్శరాములుకు ఇంకా తెలియదు. ఇందాక నన్ను పిలిచి, బండిలో ఉన్న చెట్టెక్కే మోకు వానకు నానుతుందేమో, జర చూరు కింద వెయ్యి ఇశ్రాయేలన్నా అన్నాడు. పోయి వేసి వచ్చాను.