ఇంజను ఆపి చూసిన నూనె

పిడుగురాళ్ల, 1963
ఆదివారం రాత్రి

ఓనరు గారి అమెరికా కారు ఇక నాకు దక్కదు. క్లచ్ లేకుండా గేర్లు వాటంతటవే పడే ఆ కారుకు డ్రైవరును ఎంచడానికే, క్వారీ లారీలు తోలే నన్నూ యేసోబునూ ఎత్తిపోతల జలపాతానికి వెంటబెట్టుకెళ్లారు. మొదట నేనే తోలాను. మాచర్ల దాటాక ఎత్తు ఎక్కుతుంటే ఇంజను అరుస్తోంది గాని బండి కదలదు. లారీకి చూసినట్టే ఇంజను ఆపి, గేరు నూనె కొలిచే పుల్ల లాగి చూశాను. నిండుగా ఉంది. గేరుపెట్టె లోపల ప్లేట్లు అరిగిపోయాయని, ఇక బండి కదలదని చెప్పేశాను.

యేసోబు ఇంజను స్టార్టు చేసి అదే పుల్ల మళ్లీ లాగాడు. కొన మాత్రమే తడిసింది.

"దీనికి ఇంజను నడుస్తుండగా చూడాలిరా తమ్ముడూ. ఆపితే నూనె కిందికి దిగి నిండినట్టు కనబడుద్ది."

డిక్కీలో ఉన్న నూనె డబ్బా తెచ్చి పోశాడు. కారు కదిలింది.

"ఏందిరా, బతికున్న బండికి పాడె కడతావా?" అని ఓనరు నవ్వి, వాణ్ణి స్టీరింగు దగ్గర కూర్చోబెట్టారు. ఇక కారు వాడిదేనన్నారు. ఒళ్లు మండిపోయింది. జలపాతం చూశానో లేదో కూడా గుర్తులేదు.

తిరిగొచ్చాక, "రేపు షెడ్డుకు రా, అన్నీ చూపిస్తా" అన్నాడు యేసోబు.

తెలిసింది దాచుకునేవాడైతే హాయిగా తిట్టుకుని పడుకునేవాణ్ణి. నేర్పుతానంటున్నవాణ్ణి ఏమని తిట్టేది? వెళ్లకపోతే చచ్చేదాకా సున్నపురాయి లారీయే. వెళితే, నా కారు ఎగరేసుకుపోయిన వాడి పక్కనే నిలబడి శిష్యుడిలా నేర్చుకోవాలి.